విద్యాసంవత్సరం – న్యాయస్థానం

తెలుగునాట సేద్యం చేసేవారికి అదను, పదును అనే రెండు మాటలు ప్రాణప్రదమైనవి. పదును నేలకు సంబంధించింది; అదను కాలానికి సంబంధించింది. నేల ఎంత సారవంతమైనదైనా, మృగశిర కార్తెలో పడవలసిన విత్తనం ఆశ్లేషలో పడితే ఫలసాయం సందేహాస్పదమే. విద్యకు కూడా ఇటువంటి అదను ఒకటి ఉంది. దానికే విద్యాసంవత్సరమని పేరు. ఇంటర్మీడియట్ పరీక్షలు, వాటి ఫలితాలు, ప్రవేశ పరీక్ష, ర్యాంకు, ధ్రువపత్రాల పరిశీలన, సీటు కేటాయింపు, తరగతుల ప్రారంభం – ఇవన్నీ గొలుసులోని లంకెల వంటివి. వీటిలో ఏ ఒక్కటి జాప్యమైనా దాని ప్రభావం తక్కిన వాటన్నింటి మీద పడుతుంది. డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు నాలుగు నెలలు ఆలస్యమైతే, పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులో చేరవలసిన విద్యార్థి నష్టపోయేది నాలుగు నెలలు కాదు, ఒక సంవత్సరం. ఎందుకంటే ప్రవేశ ద్వారం ఏడాదికి ఒక్కసారే తెరుచుకుంటుంది.

ఈ నష్టం అందరికీ సమానంగా ఉండదు. సంపన్నుడి కుమారుడు యాజమాన్య కోటాలోనో, పొరుగు రాష్ట్రంలోనో ఒక సీటు ముందుగానే చూసుకొంటాడు. ఉపకార వేతనం మీద, ప్రభుత్వ వసతిగృహం మీద ఆధారపడిన విద్యార్థి మాత్రం కౌన్సెలింగ్ ప్రకటన కోసం ఎదురుచూస్తూ ఇంటివద్ద కూర్చుంటాడు. అందువల్లనే పరీక్షలు, ప్రవేశాల తేదీల వ్యవహారం పరిపాలనా విషయంగా మాత్రమే మిగలక, హక్కుల విషయమై న్యాయస్థానం మెట్లు ఎక్కింది. అక్కడ ఏం జరిగిందో, ఏం జరుగుతుందో తెలుసుకోవడం ఇంటర్మీడియట్ విద్యార్థికి అప్రస్తుతం కాదు.

పరీక్ష నిర్వహించండి, ఫలితం ప్రకటించండి అని విశ్వవిద్యాలయాన్ని అడిగే హక్కు విద్యార్థికి ఎక్కడి నుండి వచ్చింది? విశ్వవిద్యాలయం శాసనసభో, పార్లమెంటో చేసిన చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. పరీక్షలు జరపడం, పట్టాలు ఇవ్వడం ఆ చట్టం దానికి అప్పగించిన బాధ్యత. అటువంటి బాధ్యతను నెరవేర్చని సంస్థను, నెరవేర్చవలసిందిగా ఆదేశించే అధికారాన్ని రాజ్యాంగంలోని 226వ అధికరణ హైకోర్టులకు ఇచ్చింది. ఈ ఆదేశాన్నే మాండమస్ రిట్ అంటారు; తెలుగులో పరమాదేశమని వ్యవహరిస్తున్నాం. లాటిన్ భాషలో ఆ మాటకు 'మేము ఆజ్ఞాపిస్తున్నాము' అని అర్థం. ప్రాథమిక హక్కులకు భంగం కలిగినప్పుడు 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టును కూడా ఆశ్రయించవచ్చు. ఒకే అర్హత ఉన్న ఇద్దరిలో ఒకరికి అవకాశమిచ్చి, మరొకరికి కారణం లేకుండా నిరాకరిస్తే అది 14వ అధికరణ హామీ ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమవుతుంది.

అయితే న్యాయస్థానం చేయలేని పని కూడా ఒకటుంది. అది ప్రశ్నపత్రాన్ని రూపొందించలేదు, జవాబుపత్రాన్ని దిద్దలేదు. విద్యా విషయాలలో నిపుణుల అభిప్రాయానికి బదులుగా తమ అభిప్రాయాన్ని నిలపడానికి న్యాయమూర్తులు తొందరపడకూడదని 1984లో మహారాష్ట్ర మాధ్యమిక విద్యామండలికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎవరికి ఎన్ని మార్కులు రావాలన్నది పరీక్షకుడి పని. ఆ మార్కులు సకాలంలో, నిబంధనల ప్రకారం వెలువడ్డాయా లేదా అన్నది న్యాయమూర్తి చూడవలసిన పని. ఈ రెండింటి మధ్య గీత అన్నివేళలా స్పష్టంగా ఉండదు. ఈ వ్యాసంలో రాబోయే వివాదాలలో చాలావరకు ఆ గీత దగ్గర తలెత్తినవే.

ప్రవేశాల గురించి సుప్రీంకోర్టుకు వెళ్ళిన తొలి ముఖ్య వివాదాలలో ఒకటి మన రాష్ట్రానిదే కావడం గమనార్హం. వేర్వేరు విశ్వవిద్యాలయాలు, బోర్డులు ఇచ్చే మార్కులను ఒకే తక్కెడలో తూచడం సాధ్యం కాదని, వైద్య కళాశాలల ప్రవేశానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడిగా పరీక్ష పెట్టింది. దానిని సవాలు చేసిన కేసులో, అటువంటి పరీక్ష పెట్టుకొనే అధికారం ప్రభుత్వానికి ఉందని 1971లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటి ప్రశ్న 'ఎవరికి సీటు?' అన్నదే. 'ఎప్పటిలోగా?' అన్న ప్రశ్న ఆ తరువాత వచ్చింది.

ఆ రెండవ ప్రశ్న ఎలా పుట్టిందో కొంత వివరంగా చూడవలసి ఉంది. ఏ రాష్ట్రం సీట్లు ఆ రాష్ట్రం వారికే అన్న పద్ధతి ప్రతిభకు అడ్డుగోడ అవుతుందని భావించి, 1984లో సుప్రీంకోర్టు వైద్యవిద్యలో అఖిల భారత కోటాకు దారి తీసింది. 1986లో ఎం.బి.బి.ఎస్.లో మొత్తం సీట్లలో 15 శాతం ఈ కోటాకు కేటాయించడం స్థిరపడింది. 371-డి అధికరణ కింద ప్రత్యేక ఏర్పాటు ఉన్నందువల్ల ఆంధ్రప్రదేశ్ చాలా సంవత్సరాలు ఈ కోటాలో చేరలేదు. ఉద్దేశం మంచిదే. కాని ఆచరణలో అది కుర్చీలాటగా పరిణమించింది. జూలైలో తన రాష్ట్రంలోని కళాశాలలో చేరిన విద్యార్థికి ఆగస్టులో అఖిల భారత కోటాలో మరింత మంచి సీటు వస్తుంది, అతడు లేచిపోతాడు. ఆ ఖాళీలోకి వేరొక కళాశాల నుండి మరొకరు వస్తారు. అక్కడ మరో ఖాళీ ఏర్పడుతుంది. అఖిల భారత కోటాలో మిగిలిన సీట్లు తిరిగి రాష్ట్రాలకు వస్తాయి, మళ్ళీ కౌన్సెలింగ్. ఈ ఆట నవంబరు, డిసెంబరు వరకు సాగితే, అక్టోబరులో శరీరనిర్మాణ శాస్త్రం సగం పూర్తయిన తరగతిలో ఒక విద్యార్థి కొత్తగా వచ్చి కూర్చుంటాడు. అతడికి ఆ సగం ఎవరు చెబుతారు? రేపు అతడు వైద్యుడైతే, ఆ సగం తెలియని వైద్యుడి దగ్గరకు వెళ్ళేది ఎవరు?

ఆలస్యంలో మరొక చీకటి కోణం కూడా ఉంది. అందరి దృష్టీ మళ్ళిపోయిన తరువాత భర్తీ అయ్యే సీటు ర్యాంకును బట్టి కాక, పలుకుబడిని బట్టి, డబ్బును బట్టి భర్తీ అయ్యే అవకాశం ఎక్కువ. గడువు అనేది కేవలం క్యాలెండరు మీద గీసిన గీత కాదు. అది అక్రమానికి వేసిన గడియ కూడా.

ఈ నేపథ్యంలో 2002లో భారత వైద్యమండలి దాఖలు చేసిన అప్పీలులో సుప్రీంకోర్టు ముఖ్యమైన సూత్రాలు చెప్పింది. విద్యాసంవత్సరం మధ్యలో ప్రవేశాలు కూడదు. ఈ ఏడు మిగిలిన సీట్లను వచ్చే ఏటి సీట్లకు కలపకూడదు. పరీక్ష నుండి తరగతుల ప్రారంభం వరకు ప్రతి దశకూ ముందుగానే తేదీలు నిర్ణయించాలి. సూత్రాలు చెప్పినా రాష్ట్రాలు పాటించకపోవడంతో, 2005 జనవరి 12న ఇచ్చిన మరొక తీర్పులో ఆ కాలపట్టికను కచ్చితంగా అమలు చేయవలసిందని న్యాయస్థానం ఆదేశించింది. ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలకు సెప్టెంబరు 30 తుది గడువుగా నిలిచింది. ఆ తీర్పు అక్కడితో ఆగలేదు. గొలుసులో మొదటి లంకె ఇంటర్మీడియట్ ఫలితమే కనుక, పన్నెండవ తరగతి స్థాయి ఫలితాలను ఏటా జూన్ 10లోగా ప్రకటించాలని, మార్కులు జూన్ 15లోగా విద్యార్థుల చేతికి అందాలని కూడా చెప్పింది. దేశ రాజధానిలోని న్యాయస్థానం ఒక ఇంటర్ విద్యార్థి మార్కుల జాబితా అందవలసిన తేదీని గురించి ఆలోచించవలసి రావడం న్యాయవ్యవస్థ గొప్పతనమో, పరిపాలనా వ్యవస్థ వైఫల్యమో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. ఆనాటి భారత వైద్యమండలి స్థానంలో 2020 సెప్టెంబరు నుండి జాతీయ వైద్య కమిషన్ పనిచేస్తున్నది.

గడువు పెట్టినంత మాత్రాన అది దుర్వినియోగం కాకుండా పోదు. చివరి రోజునే ఆయుధంగా వాడుకొన్నవారు కూడా ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో 2006లో ఇద్దరు విద్యార్థులకు, వారికంటె మంచి ర్యాంకు ఉన్నవారిని కాదని ప్రవేశం కల్పించారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టులో తేలేటప్పటికి 2012 వచ్చింది. ఆ ఇద్దరి చదువు ముగింపు దశకు చేరింది. న్యాయస్థానం ఆ ప్రవేశాలు అక్రమమని తేల్చింది. అయినా వారి చదువును రద్దు చేయక, ఒక్కొక్కరు 5 లక్షల రూపాయలు కళాశాలకు చెల్లించి పూర్తి చేసుకొనేందుకు అనుమతించింది. అర్హత ఉండి సీటు కోల్పోయినవారికి మాత్రం ఆ ఆరు సంవత్సరాలు తిరిగి రాలేదు. ఆలస్యంగా వచ్చిన న్యాయానికి ఉన్న పరిమితి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వైద్యవిద్య తరువాత ఇంజనీరింగ్ వంతు వచ్చింది. 2012 డిసెంబరు 13న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు సాంకేతిక విద్యకు ఒక కాలపట్టికను ఆమోదించింది. దాని ప్రకారం అఖిల భారత సాంకేతిక విద్యామండలి కళాశాలలకు ఏప్రిల్ 10లోగా అనుమతి ఇవ్వాలి. విశ్వవిద్యాలయం మే 15లోగా అనుబంధ గుర్తింపు ఇవ్వాలి. తొలివిడత కౌన్సెలింగ్ జూన్ 30లోగా, తుదివిడత జూలై నెలలో ముగియాలి. ఆగస్టు 1న తరగతులు మొదలు కావాలి. కళాశాలకు అనుమతి ఉన్నదో లేదో తేలకుండానే విద్యార్థులను చేర్చుకొని, తరువాత ఆ విద్యార్థులనే అడ్డుపెట్టుకొని అనుమతి కోరే అలవాటుకు కళ్ళెం వేయడం ఈ పట్టిక ఉద్దేశాలలో ఒకటి.

ఈ పట్టికకు కఠిన పరీక్ష రెండేళ్ళు తిరగకుండానే మన నేల మీదనే ఎదురైంది. 2014 ఎంసెట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మే నెలలో జరిగింది. జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయింది. పరీక్ష ఒక రాష్ట్రంలో రాసి, సీటు రెండు రాష్ట్రాలలో వెతుక్కోవలసిన పరిస్థితి విద్యార్థులకు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షను, ఉమ్మడి ప్రవేశ విధానం పది సంవత్సరాలపాటు కొనసాగాలని చెబుతున్నది. కౌన్సెలింగ్ జరపవలసింది ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలేనా, తెలంగాణ తానుగా జరుపుకోవచ్చునా అన్నది ఒక వివాదం. బోధన రుసుము సహాయానికి స్థానికులెవరు అన్నది దానితో ముడిపడిన మరొక వివాదం. ఉద్యోగుల పంపకం పూర్తి కాలేదని, ఏర్పాట్లకు వ్యవధి కావాలని, అక్టోబరు 31 వరకు గడువు పొడిగించాలని తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టును కోరింది.

కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి ఉండే ఇబ్బందులు నిజమైనవే. వాటిని తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. కాని అప్పటికే ఆగస్టు వచ్చింది. పొరుగు రాష్ట్రాల కళాశాలలలో పాఠాలు మొదలయ్యే వేళ ఇక్కడ ర్యాంకు కార్డు చేతబట్టుకొని లక్షలాది విద్యార్థులు నిరీక్షిస్తున్నారు. ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్టోబరు గడువుకు అంగీకరించలేదు. ప్రవేశాలన్నీ ఆగస్టు 31లోగా పూర్తి కావాలని, సెప్టెంబరు 1న తరగతులు మొదలు కావాలని ఆదేశించింది. అంటే తాను ఆమోదించిన పట్టికను ఒక నెల సడలించింది. రెండు నెలల అదనపు సడలింపును తిరస్కరించింది. రాష్ట్రాల మధ్య వివాదం ఆ ఉత్తర్వుతో తీరలేదు. మరుసటి ఏడు, అంటే 2015లో, ఎవరి ఎంసెట్ వారు జరుపుకొన్నారు. చట్టం చెప్పిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అయితే 2014 బ్యాచ్ విద్యార్థులకు ఆ వివాదాల తుది పరిష్కారంతో పనిలేదు. వారికి కావలసింది ఒక తేదీ. న్యాయస్థానం ఇచ్చింది కూడా అదే.

ఈ కేసులన్నింటిలో ఆలస్యానికి కారకులు మనుషులు, సంస్థలు, ప్రభుత్వాలు. 2020లో కారణం వేరు. కోవిడ్ మహమ్మారి వల్ల ఆ ఏడు మార్చి నుండి విద్యాసంస్థలు మూతబడ్డాయి. పరీక్షలు జరపడమా, మానడమా అన్నదే ప్రశ్నగా మారింది. యూజీసీగా మనం పిలిచే విశ్వవిద్యాలయ నిధుల సంఘం జూలై 6న మార్గదర్శకాలు ప్రకటిస్తూ, చివరి సంవత్సరం పరీక్షలను సెప్టెంబరు 30లోగా తప్పనిసరిగా జరపాలని చెప్పింది. వ్యాధి ఉధృతి ఎక్కువగా ఉన్న మహారాష్ట్రలో ప్రభుత్వం, పరీక్షలు లేకుండానే పూర్వపు సెమిస్టర్ల మార్కుల ఆధారంగా పట్టాలు ఇవ్వాలని అప్పటికే భావించింది. విద్యార్థులు, సంఘాలు దేశం నలుమూలల నుండి సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

జస్టిస్ అశోక్ భూషణ్, తెలుగువారైన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా సభ్యులుగా ఉన్న ధర్మాసనం ఆగస్టు 28న తీర్పు చెప్పింది. ఆ తీర్పులోని విచక్షణ గమనించదగినది. విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రజల ప్రాణరక్షణ కోసం పరీక్షను వాయిదా వేసే అధికారం రాష్ట్రానికి ఉంది. అటువంటి సందర్భంలో సెప్టెంబరు 30 అన్న తేదీ రాష్ట్రాన్ని బంధించదు. కాని అసలు పరీక్షే లేకుండా ఉత్తీర్ణులైనట్లు ప్రకటించే అధికారం ఆ చట్టం రాష్ట్రానికి ఇవ్వదు. ఉన్నత విద్యలో ప్రమాణాలను నిర్ణయించడం కేంద్ర జాబితాలోని అంశం కనుక, పట్టా విలువను కాపాడే బాధ్యత యూజీసీది. గడువు చాలదనుకొన్న రాష్ట్రం పొడిగింపు కోసం యూజీసీనే అభ్యర్థించాలి. క్లుప్తంగా చెప్పాలంటే, 'ఎప్పుడు' అన్నది రాష్ట్రం మార్చవచ్చు, 'అసలు జరపాలా' అన్నది మార్చలేదు.

అదే నెల 17న మరో ధర్మాసనం జె.ఇ.ఇ., నీట్ పరీక్షలను వాయిదా వేయాలన్న అభ్యర్థనను కొట్టివేసింది. సెప్టెంబరులో ఆ పరీక్షలు జరిగాయి. కోవిడ్ సోకడం వల్లనో, కట్టడి ప్రాంతంలో ఉండిపోవడం వల్లనో సెప్టెంబరు 13న నీట్ రాయలేకపోయిన వారికి అక్టోబరు 14న మరొక అవకాశం ఇవ్వడానికి సుప్రీంకోర్టు అనుమతించింది. పరీక్ష ఆగలేదు; రోగపీడితుడు నష్టపోలేదు.

మరుసటి సంవత్సరం సరిగ్గా దీనికి భిన్నమైన దృశ్యం కనిపించింది. అది మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు సంబంధించినదే. రెండవ ఉధృతి కారణంగా 2021 జూన్ నాటికి కేంద్రీయ విద్యామండలితో పాటు చాలా రాష్ట్రాల బోర్డులు పన్నెండవ తరగతి పరీక్షలను రద్దు చేశాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం జూలై చివరివారంలో ఇంటర్ పరీక్షలు జరుపుతామని తెలిపింది. జస్టిస్ ఎ.ఎం. ఖాన్విల్కర్, జస్టిస్ దినేశ్ మహేశ్వరిల ధర్మాసనం జూన్ 24న వేసిన ప్రశ్నలు ఎంతో ఆచరణాత్మకమైనవి. పరీక్ష రాయవలసినవారు 5 లక్షల పైచిలుకు. గదికి 15 మంది చొప్పున కూర్చోబెడతామంటున్నారు. అంటే 34 వేలకు పైగా గదులు కావాలి. అన్ని గదులు ఎక్కడున్నాయి? అందుకు తగిన గాలి, వెలుతురు, సిబ్బంది ఉన్నారా? ఈ నిర్ణయం తీసుకొన్న దస్త్రం ఏది? పరీక్షలు జూలై చివర జరిగితే జవాబుపత్రాలు దిద్దేదెప్పుడు, ఫలితాలిచ్చేదెప్పుడు? అప్పటికి దేశమంతటా విశ్వవిద్యాలయాలు ప్రవేశాలు మొదలుపెడితే మీ విద్యార్థుల గతి ఏమిటి? ఒక్క ప్రాణం పోయినా రాష్ట్రమే బాధ్యత వహించవలసి ఉంటుందని కూడా ధర్మాసనం హెచ్చరించింది. ఆ సాయంత్రమే ప్రభుత్వం పరీక్షలను రద్దు చేసింది. ఫలితాలను జూలై 31లోగా ప్రకటించాలని అన్ని రాష్ట్రాల బోర్డులను న్యాయస్థానం అదే రోజు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి సంవత్సరం మార్కులకు 70 శాతం ప్రాధాన్యమిచ్చి జూలై 23న ఫలితాలు వెలువరించారు.

2020లో జరపమన్న న్యాయస్థానం 2021లో వద్దన్నట్లుగా ఎందుకు వ్యవహరించింది? పైకి పరస్పర విరుద్ధంగా తోచినా రెండింటిలోనూ ఒక పోలిక ఉంది. రెండు సందర్భాలలోనూ న్యాయమూర్తులు అడిగింది, తీసుకొన్న నిర్ణయానికి ఆధారమేమిటని, దానికి అధికారం ఎవరికి ఉందని. పరీక్ష మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి వారు దిగలేదు. అయినా, ప్రతి మూల్యాంకన పద్ధతికీ సుప్రీంకోర్టు వైపు చూసే స్థితి ఆరోగ్యకరమైనది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

న్యాయస్థానమే ఆలస్యానికి నెలవైన సందర్భాన్ని కూడా దాచనవసరం లేదు. 2021లో నీట్ పీజీ పరీక్ష మహమ్మారి కారణంగా వాయిదాలు పడి సెప్టెంబరు 11న జరిగింది. అఖిల భారత కోటాలో ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతం, ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ కల్పించడాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టులో ఉండడంతో కౌన్సెలింగ్ ఆగిపోయింది. 8 లక్షల రూపాయల ఆదాయ పరిమితిని పునఃపరిశీలించడానికి కేంద్రం నాలుగు వారాల వ్యవధి కోరింది. నెలలు గడిచాయి. మొదటి సంవత్సరం పీజీ వైద్యులు రాకపోవడంతో ఆసుపత్రులలో పనిభారమంతా ఉన్నవారి మీదనే పడింది. డిసెంబరులో రెసిడెంట్ వైద్యులు ఢిల్లీ వీధులలోకి వచ్చి ఆందోళన చేశారు. చివరకు 2022 జనవరి 7న కౌన్సెలింగ్ మొదలుపెట్టేందుకు న్యాయస్థానం అనుమతించింది; కారణాలు తరువాత వివరిస్తామంటూ ముందు ఉత్తర్వు ఇచ్చింది. సీటు కేటాయించకపోతే నష్టపోయేది విద్యార్థి మాత్రమే కాదని, వార్డులో పడుకొన్న రోగి కూడా అని ఆ ఉదంతం తెలిపింది.

ఇక మిగిలింది అన్నింటికంటె క్లిష్టమైన ప్రశ్న. గడువు వేలమందిని రక్షిస్తుంది; అదే గడువు ఒక్కోసారి ఒక్కరిని నలిపివేస్తుంది. అర్హత ఉండీ, తన తప్పు ఏమాత్రం లేకుండా, అధికారుల పొరపాటు వల్ల సీటు పోగొట్టుకొన్న విద్యార్థి న్యాయస్థానానికి వస్తాడు. వాదనలు ముగిసేటప్పటికి సెప్టెంబరు 30 దాటిపోతుంది. అప్పుడేమి చేయాలి? తేదీని దాటి సీటు ఇస్తే రేపు ప్రతివారూ అదే అడుగుతారు. ఇవ్వకపోతే, తప్పు చేసినవారు క్యాలెండరు చాటున దాగి బయటపడతారు. 2014లో చండీగఢ్‌కు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు, గడువు దాటాక నష్టపరిహారమే తప్ప ప్రవేశం కుదరదన్న వైఖరి తీసుకొంది. డబ్బు ఇస్తే వైద్యవిద్య చదివినట్లవుతుందా అన్న సందేహం మాత్రం మిగిలిపోయింది.

ఆ సందేహాన్ని మళ్ళీ లేవనెత్తింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థిని. ఎం.బి.బి.ఎస్. సీటు తనకు అన్యాయంగా నిరాకరించారన్నది ఆమె ఫిర్యాదు. పాత తీర్పు సరైనదేనా అన్న అనుమానంతో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో ఆ విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. 2019 డిసెంబరు 13న ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెబుతూ, నష్టపరిహారం ఒక్కటే పరిష్కారం కాదన్నారు. విద్యార్థి వైపు ఏ లోపమూ లేకపోతే, హక్కుల కోసం ఆలస్యం చేయకుండా న్యాయస్థానానికి వచ్చి ఉంటే, తప్పు పూర్తిగా అధికారులదే అయితే, అరుదైన సందర్భాలలో గడువు తరువాత ఒక నెల లోపల, అంటే అక్టోబరు 30లోగా ప్రవేశం ఇప్పించవచ్చు. అదీ సాధ్యం కాకపోతే తరువాతి విద్యాసంవత్సరంలో సీటు ఇవ్వాలని ఆదేశించవచ్చు. తప్పు కళాశాల యాజమాన్యానిదైతే ఆ సీటును యాజమాన్య కోటా నుండి తగ్గించవచ్చు. నష్టపరిహారం వీటికి అదనం. ఈ సూత్రాలు ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలకు సంబంధించినవి. ఒక నెల సడలింపు ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం రావడానికి దాదాపు మూడేళ్ళు పట్టడం విధి వైచిత్రి.

ఆ తీర్పులో విద్యార్థి ప్రత్యేకంగా గమనించవలసిన మాట 'ఆలస్యం చేయకుండా' అన్నది. పరీక్ష ఆగిపోయినా, ఫలితం నిలిచిపోయినా, సీటు తప్పిపోయినా మొదట చేయవలసిన పని సంబంధిత రిజిస్ట్రారుకో, పరీక్షల నియంత్రణాధికారికో, ప్రవేశాల కన్వీనరుకో రాతపూర్వకంగా విన్నవించి, అందినట్లు ముద్రతో రశీదు తీసుకోవడం. నోటిమాటగా అడిగినదానికి న్యాయస్థానంలో రుజువు ఉండదు. హాల్ టికెట్టు, రుసుము చెల్లించిన రశీదు, ఐచ్ఛికాల నమోదు ప్రతి, వచ్చిన సందేశాలు తేదీల వారీగా భద్రపరచుకోవాలి. వినతికి స్పందన లేకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. న్యాయవాదికి రుసుము చెల్లించే స్తోమత లేదని వెనుదీయనవసరం లేదు. 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అందుకు దరఖాస్తును జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలోనే ఇవ్వవచ్చు.